తులసీదాస్ బలరాం

తులసీదాస్ బలరాం (4 అక్టోబర్ 1936 – 16 ఫిబ్రవరి 2023) సికింద్రాబాద్‌లో పుట్టి కలకత్తాలో పేరు తెచ్చుకున్న భారత ఫుట్‌బాల్ ఆటగాడు. ఎడమ అంచున ఆడే ఫార్వర్డ్. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లోనూ, బంగారు పతకం తెచ్చిన 1962 జకార్తా ఆసియా క్రీడల్లోనూ దేశం తరఫున ఆడారు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిపి ఆయన్ను భారత ఫుట్‌బాల్ త్రయంగా చెబుతారు. ముగ్గురిలో తెలుగు నేల మీద పుట్టి పెరిగింది ఈయన ఒక్కరే. అయినా తెలుగువారిలో ఆయన పేరు ఎరిగినవారు తక్కువ. ఆయన్ను తలచుకుని కళ్ళు చెమర్చే అభిమానులు ఎక్కువగా హుగ్లీ ఒడ్డునే కనిపిస్తారు.

బాల్యం, తొలి బూట్లు

సికింద్రాబాద్ శివారులో కంటోన్మెంటును ఆనుకుని ఉన్న అమ్ముగూడలో ఒక బీద తమిళ కుటుంబంలో బలరాం పుట్టారు. చుట్టూ సైనిక పటాలాలు, రైల్వే వర్క్‌షాపులు. ఆ రోజుల్లో సికింద్రాబాద్ కుర్రాళ్ళకు ఫుట్‌బాల్ అంటే ఖర్చులేని సాయంకాలం. సైనికుల ఆట చూసి నేర్చుకోవచ్చు, ఖాళీ మైదానాలు కావలసినన్ని. బూట్లు కొనే స్తోమతు మాత్రం ఆ ఇంటికి లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో ఓ చెప్పులు కుట్టే అతను తన తొలి ఫుట్‌బాల్ బూట్లు తయారుచేసి ఇచ్చాడని బలరాం తరవాతి కాలంలో చెప్పుకునేవారు.

అప్పట్లో బూట్లు చిన్న విషయం కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద మన ఆటగాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతోనే ఆడి, 2-1తో ఓడినా అందరి మెప్పూ పొందారు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడాక ఆ మెప్పు కరిగిపోయింది. బూట్లు వేసుకుని తీరాలన్న నిబంధన వచ్చింది. బలరాం తరం ఆ మార్పులోంచి పుట్టుకొచ్చింది.

రహీం సాబ్ బడి

హైదరాబాద్ లీగ్‌లో రైడర్స్ క్లబ్ తరఫున ఆడుతున్న ఈ బక్కపల్చని కుర్రాడి మీద సయ్యద్ అబ్దుల్ రహీం చూపు పడింది. రహీం బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడు, ఆ పైన భారత జట్టుకూ ఆయనే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు ఆ పోలీసు జట్టు చేతిలోనే ఉంది. సికింద్రాబాద్ నుంచి నగరానికి శిక్షణకు వచ్చిపోవడానికి డబ్బుల్లేవని బలరాం చెబితే అద్దె సైకిలు ఖర్చు రహీమే ఇచ్చారంటారు. అలా సైకిలు తొక్కుతూ వచ్చిన కుర్రాడు హైదరాబాద్ జట్టులో చేరాడు. ఆ జట్టు 1956-57లోనూ, ఆ మరుసటి ఏడూ సంతోష్ ట్రోఫీ గెలిచింది.

రహీం పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. బలరాం ఆట అర్థం కావాలంటే అదే దారి. బంతిని కాళ్ళ మధ్య ఆడించుకుంటూ నలుగురిని దాటి చప్పట్లు కొట్టించుకోవడం అప్పటి రివాజు. రహీం దాన్ని మాన్పించారు. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టేవారు. బంతి అందిన మరుక్షణం దాన్ని వదిలేయాలి, వదిలేశాక నిలబడిపోకుండా ఖాళీలోకి పరుగెత్తాలి. బలరాంకు రెండు కాళ్ళూ సమానంగా పనిచేసేవంటే అది పుట్టుకతో అబ్బిన విద్య మాత్రమే కాదు, ఈ కసరత్తు ఫలం.

అంచున ఆడేవాడి కష్టం వేరు. ఒక పక్క గీత, మరో పక్క ప్రత్యర్థి డిఫెండరు. కదలడానికి ఉన్న చోటు ఇరుకు. బంతి ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు అరక్షణం కన్నా వ్యవధి ఉండదు. బలరాం ఆట చూసినవారు ముందుగా చెప్పేది ఆయన బంతిని అందుకునే తీరు గురించి. ఎత్తులో వచ్చిన బంతిని పాదంతోనో తొడతోనో నెమ్మదింపజేస్తూనే ఒంటిని తిప్పేసేవారట. ఎదుటివాడు అడుగు వేసేసరికి ఆయన అతని వెనక ఉండేవారు. అక్కడి నుంచి గోల్ ముందుకు కొట్టే పాస్ కూడా మరో ఆటగాడు పరుగు ఆపకుండా తన్నేలా పడేది. గోల్ కొట్టినవారి పేరు పత్రికలో వచ్చేది. బంతి ఇచ్చినవారి సంగతి మైదానంలో ఉన్నవారికే తెలిసేది.

కలకత్తా దారి

1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్ బలరాంను పిలిపించుకుంది. దక్షిణాది ఆటగాళ్ళు కలకత్తా వెళ్ళడం అప్పటికే పాత ఆనవాయితీ. 1949 ప్రాంతాల్లో ఈస్ట్ బెంగాల్ ముందు వరసలో ఆడిన వెంకటేష్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురినీ అభిమానులు పంచపాండవులని పిలిచేవారు. అందరూ దక్షిణాది నుంచి వెళ్ళినవారే.

హైదరాబాద్ నుంచి కలకత్తాకు రైలు దారి బెజవాడ మీదుగా కోస్తా వెంబడి సాగుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, రాజమండ్రి దాటి విశాఖ వైపు వెళ్ళాలి. ఈ పట్టణాల చుట్టుపక్కల పల్లెల్లో కుర్రాళ్ళు కూడేది కబడ్డీకీ వాలీబాల్‌కే గాని ఫుట్‌బాల్‌కు కాదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ వైభవం కోస్తా జిల్లాలకు అంతగా పాకకపోవడానికి అది ఒక కారణం.

ఈస్ట్ బెంగాల్ అభిమానమంటే ఏమిటో తెలిస్తేనే బలరాం అక్కడ సంపాదించినదాని విలువ తెలుస్తుంది. 1920లో పుట్టిన ఆ క్లబ్బు, 1947 విభజన తరవాత తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన లక్షలాది కాందిశీకులకు సొంత ఊరిలా అయింది. ఎదురుగా ప్రత్యర్థి క్లబ్బు మోహన్ బగాన్. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు ఇళ్ళల్లో ఇలిష్ వండుకుంటారు, మన గోదావరి జిల్లాలవారు పులసగా ఎరిగిన చేప అదే. మోహన్ బగాన్ గెలిస్తే అవతలి ఇళ్ళల్లో రొయ్యల కూర. అలాంటి పట్టుదలల మధ్య, వారి భాష తెలియకుండా వెళ్ళిన అమ్ముగూడ కుర్రాడిని ఆ జనం తమవాడిగా చేసుకున్నారు. 1961లో ఆయన నాయకత్వంలో ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్ గెలిచింది. ఆ లీగ్‌లో 23 గోల్స్‌తో అందరికన్నా ముందున్నది కూడా ఆయనే. అదే ఏడు ఐ.ఎఫ్.ఎ. షీల్డును మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. ఆ క్లబ్బుకు ఆయన కొట్టిన గోల్స్ మొత్తం నూరు దాటాయి.

దేశం చొక్కాలో

త్రయంలోని ముగ్గురూ ఒకే క్లబ్బుకు ఎప్పుడూ ఆడలేదు. చునీ జీవితమంతా మోహన్ బగాన్‌వాడు, బెనర్జీ ఈస్టర్న్ రైల్వేవాడు. లీగ్‌లో ఒకరి మీద ఒకరు తలపడేవారే భారత జట్టులో పక్కపక్కన నిలబడేవారు. కుడి అంచున బెనర్జీ, లోపలి వైపు చునీ, ఎడమన బలరాం.

1956లో మెల్‌బోర్న్ వెళ్ళేనాటికి బలరాంకు ఇరవై ఏళ్ళు. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. ఆ పోటీలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. తరవాత యుగోస్లావియా చేతిలోనూ, బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు పలువురు ఉన్నారు.

బలరాం ఆటకు నిజమైన గీటురాయి రోమ్. 1960లో భారత్ పడింది హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్న గ్రూపులో. ఆగస్టు 26న లాక్విలాలో హంగరీ ఎదురైంది. ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు అది. తరవాత 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్న ఫ్లోరియన్ ఆల్బర్ట్ అందులో ఉన్నాడు. రెండు గోల్స్ వెనకబడి ఉన్నప్పుడు 79వ నిమిషంలో బలరాం గోల్ కొట్టారు. ఆఖరి పది నిమిషాలు హంగరీ తన ఆధిక్యాన్ని కాపాడుకోవలసి వచ్చింది. ఫలితం 2-1. మూడు రోజుల తరవాత గ్రొసెటోలో ఫ్రాన్స్‌తో 1-1. బెనర్జీ గోల్‌తో ముందంజలో ఉన్న భారత్, చివరి పది నిమిషాల్లో గెలుపును చేజార్చుకుంది. పెరూతో 3-1తో ఓటమి, ఆ ఒక్క గోల్ కూడా బలరాందే. రోమ్‌లో భారత్ కొట్టిన మూడు గోల్స్‌లో రెండు ఆయనవి. ఆ తరవాత భారత ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. కాబట్టి ఒలింపిక్స్‌లో మనవారి చిట్టచివరి గోల్, పెరూ మీద 88వ నిమిషంలో, బలరాం పాదం నుంచి వచ్చినదే. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి ఒక వాక్యంగానైనా ఉండదగినది.

1962 జకార్తాలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తరవాత థాయిలాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0 గెలుపులు. రెండింటిలోనూ బలరాం గోల్ ఉంది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఈ క్రీడలకు ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత అధికారి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం మనవారి మీద కోపంగా ఉన్నారు. సెప్టెంబర్ 4న సెనయన్ స్టేడియంలో జరిగిన ఫైనల్లో లక్ష మంది దాకా వ్యతిరేకంగా అరుస్తుండగా భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించింది. గోల్స్ కొట్టింది బెనర్జీ, జర్నయిల్ సింగ్. ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కు అదే చివరి స్వర్ణం. అప్పటికే కాన్సర్‌తో కుంగిపోతున్న రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఇరవై ఏడేళ్ళకే

1963లో బలరాం బి.ఎన్.ఆర్. రైల్వే జట్టుకు మారారు. ఆ ఏడే ప్లూరసీ, అంటే ఊపిరితిత్తుల పై పొర వాచే జబ్బు, ఆయన్ను పడేసింది. అంచు వెంబడి తొంభై నిమిషాలు పరుగెత్తే మనిషికి ఊపిరే పెట్టుబడి. ఇరవై ఏడేళ్ళకే ఆట ఆగిపోయింది. ఈనాటి లెక్కలో చాలామంది ఫార్వర్డ్‌లకు ఆట పండే వయసది. తరవాత రైల్వే ఉద్యోగం, శిక్షకత్వం, కుర్రాళ్ళలో ప్రతిభ వెతకడం. పెళ్ళి చేసుకోలేదు. సికింద్రాబాద్‌కు తిరిగి రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో స్థిరపడ్డారు.

అభిమానుల జ్ఞాపకం

ముగ్గురిలో ఎవరు గొప్ప అన్న వాదన కలకత్తాలో అరవై ఏళ్ళుగా తెగలేదు. నేర్పులో చునీ, తన్నుడు బలంలో బెనర్జీ అని ఒప్పుకున్నవారు కూడా, అన్నీ కలిసిన ఆటగాడు బలరామే అనడం వింటాం. అంచునా, లోపలా, అవసరమైతే నడిమధ్యనా ఆడగలిగింది ఆయనే అన్నది వారి తర్కం. అది బలమైన తర్కమే. ఇబ్బంది ఏమిటంటే, ఆ కాలపు ఆటల చలనచిత్రాలు దాదాపుగా మిగల్లేదు. గోల్స్ కొట్టినవారి పేర్లు కాగితం మీద ఉన్నాయి. పాస్ ఎలా పడిందో, ఒళ్ళు ఎలా తిరిగిందో చూసినవారి నోట వినవలసిందే. వారిలో అత్యధికులు ఇప్పుడు లేరు. అందుకే ఇంకా ఉన్న పెద్దవారి మాటలను రికార్డు చేసి పెట్టడం హైదరాబాద్‌లోనూ కలకత్తాలోనూ వెంటనే జరగవలసిన పని.

బలరాంకు 1962లో అర్జున అవార్డు వచ్చింది. పద్మ పురస్కారం రాలేదు. చునీకి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ ఇచ్చిన దేశం మూడోవాడిని మరిచింది. ఆ లోటు ఆయన్ను చివరిదాకా బాధించింది, ఆయన అభిమానులను ఇప్పటికీ బాధిస్తోంది. బెనర్జీ 2020 మార్చిలోనూ, చునీ ఆ మరుసటి నెలలోనూ పోయారు. బలరాం ఎనభై ఆరేళ్ళ వయసులో దీర్ఘకాలపు అనారోగ్యంతో కలకత్తా ఆసుపత్రిలో కన్నుమూశారు.

మరుసటి ఏడు, 2024 ఏప్రిల్‌లో, రహీం జీవితం ఆధారంగా తీసిన హిందీ చిత్రం ‘మైదాన్’ విడుదలైంది. రహీంగా అజయ్ దేవగణ్ నటించారు. బలరాం పాత్రా అందులో ఉంది. ఆ చిత్రం చూశాకే చాలామంది తెలుగు కుర్రాళ్ళు, జకార్తాలో గెలిచిన జట్టుకు శిక్షణ ఇచ్చింది హైదరాబాద్ పంతులనీ, దాని ఎడమ అంచు సికింద్రాబాద్‌దనీ మొదటిసారి తెలుసుకున్నారు.