పేరయ్య తృప్తి



పతంజలి మహర్షి తన యోగసూత్రములలో నియమములు ఐదు చెప్పెను. అందు శౌచము మొదటిది, సంతోషము రెండవది. ఈ సంతోషమనునది పండుగనాటి ఉల్లాసము కాదు. తనకు సమీపమున నున్న సాధనములకంటె అధికమును కోరకుండుట యని వ్యాఖ్యాతలు దీనికి అర్థము వ్రాసిరి. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు నేనీ యర్థమునే చెప్పితిని. చెప్పినప్పుడెల్ల వెనుకబల్లపై కూర్చున్న పిల్లవాడెవడో, ఉదయము గంజియైన త్రాగక వచ్చినవాడు, నా కంటబడెడివాడు. అప్పుడు నా మాట నాకే రుచించెడిది కాదు. ఉన్నదానితో తృప్తిపడుమని ఉన్నవానికి చెప్పవచ్చును. ఏమియు లేనివానికి ఏమని చెప్పవలెను?

ఈ శంకకు నాకు కొంత సమాధానము శాస్త్రగ్రంథములలో గాక మన తెలుగుదేశపు చరిత్రలోనే దొరకినది. అది ఒంగోలు సీమలోని యెఱ్ఱగుంట్ల పేరయ్య యను చర్మకారుని వృత్తాంతము. అతడు క్రైస్తవమతమున జేరినవాడు. నేనా మతస్థుడను గాను. అయినను ఒక మనుష్యునికి తృప్తి యెట్లు కలిగెనో తెలిసికొనుటకు అతని మతమే మన మతము కానక్కఱలేదు గదా.

పేరయ్య మాదిగ కులస్థుడు. ఒంగోలునకు పడమటగా సుమారు 40 మైళ్ల దూరమున అతని పల్లె. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. ఆ కాలపు మాదిగపల్లె స్థితిని పెద్దలైన మీకు వేఱుగ వర్ణింప నక్కఱలేదు. కపిలబావికి తోలుబాన కుట్టవలెను. రైతునకు చెప్పులు కుట్టవలెను. జాతరలో డప్పు కొట్టవలెను. చచ్చిన గొడ్డును ఈడ్చుకొనిపోయి తోలు తీయవలెను, దాని మాంసమును తినవలెను. పిలిచినప్పుడెల్ల వెట్టికి పోవలెను. వీనికన్నిటికిని ప్రతిఫలము కల్లములో కొలిచి పెట్టెడి మేర. పంట పండినయేడు ఆ మేర చాలియు చాలకుండును. పండనియేడు లేనేలేదు. ఊరిబావి అతనిది కాదు. ఊరిగుడి వాకిట నిలుచుటకును వీలులేదు.

ఇట్టి స్థితిలో పుట్టిన పేరయ్య మొదట వెదకినది అన్నమును గాదు. ఈ విషయము గమనింపదగినది. ఆ ప్రాంతమున అప్పుడు రాజయోగ సంప్రదాయమొకటి దళితవాడలలోను వ్యాపించియుండెను. కులభేదము పాటింపని గురువులు కొందఱు విగ్రహారాధనమును విడిచి, కన్నులు మూసికొని అంతరంగమున దైవమును వెదకుమని ఉపదేశించెడివారు. పేరయ్య ఆ మార్గమున సాధన చేసినవాడు. ‘సంతోష’ శబ్దమునకు పతంజలి చెప్పిన యర్థమును అతడు గ్రంథమున చదివియుండడు గాని, దానిని వెదకుచు రాత్రులు కూర్చుండినవాడు. నేను పాఠము చెప్పినవాడను, అతడు వెదకినవాడు. ఆ భేదము నాకు తెలియును.

తరువాత తోళ్ల బేరమునకై ఉత్తరమునకు పోయినప్పుడు ఏలూరున ఒక మిషనరీ చెప్పిన యేసుక్రీస్తు కథ అతని చెవిబడెను. ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆ మాట అతనిని విడువలేదు. 1866 మార్చిలో, నెల్లూరు మిషనునకు చెందిన లైమన్ జ్యూయెట్ దొర ఒంగోలునకు వచ్చియుండగా, పేరయ్య అతనియొద్ద బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరముననే సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికా దొర ఒంగోలున స్థిరపడెను. ఇతడు మతబోధకుడు గాకపూర్వము తన దేశమున భూములు కొలుచు సర్వే పని నేర్చినవాడు. ఈ విద్య మున్ముందు ఎట్లు ఉపయోగపడెనో చెప్పెదను.

1867 జనవరిలో క్లౌ దొర పేరయ్య ప్రాంతమునకు పోయెను. చెట్లనీడను డేరా వేసికొనిన ఆ దొరయొద్దకు చుట్టుపట్ల పల్లెలనుండి స్త్రీపురుషులు మూటలు తలనెత్తుకొని వచ్చిరి. వారిని పిలుచుకొని వచ్చినవాడు పేరయ్య. ఏడాదికంటె తక్కువ కాలములో ఆ పల్లెలన్నిటను కాలినడకను తిరిగి తనకు తెలిసినది చెప్పియుండెను. ఐదు దినములు అచ్చటనే యుండి విని, అడిగి, మఱల విని, తుదకు 28 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ వార్త ఒంగోలు చేరగానే చిక్కు మొదలయ్యెను. అంతకుముందు పట్టణములోని బ్రాహ్మణులు కొందఱు దొరతో స్నేహముగా నుండి, తమ పిల్లలను అతని బడికి పంపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము దూరమగుదుమని వారు తెలిపిరి. పెద్దకులములవారిని వదలుకొనుటయా, తలుపు తట్టినవారిని త్రోసివేయుటయా యని దొర సందిగ్ధమున బడెను. ఆ దినముననే అతడును అతని భార్యయు, ఒకరి సంగతి యొకరికి తెలియక, వేఱువేఱు గదులలో బైబిలు తెఱచి చూడగా, ఇద్దఱికిని కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగము కనబడెనట. లోకము హీనులనుకొనువారినే దైవము ఎన్నుకొనుననుట దాని భావము. ఇది దొర తన జీవితచరిత్రలో చెప్పుకొనిన సంగతి. దీనిని దైవసంకల్పమనువారు అనవచ్చును, కాకతాళీయమనువారు అనవచ్చును. బడి ఖాళీ యయ్యెననుట మాత్రము నిజము.

ఇక పేరయ్య మొదలగువారు చేరిన తరువాత ఏమి మాఱెనో చూతము. వారి వృత్తి మాఱలేదు. చెప్పులు కుట్టుట మానలేదు. రైతులతో సంబంధము తెంచుకొనలేదు. మాఱినవి మూడే: ఆదివారము పనిచేయరు, చచ్చిన గొడ్డుమాంసము తినరు, విగ్రహములను పూజింపరు. ఈ మూడు నియమములు కాగితముపై చిన్నవి. పల్లెలో ఎంత పెద్దవియో మీకు తెలియును. విగ్రహపూజ విడిచినవాడు జాతరకు డప్పు పట్టడు. డప్పు లేక అమ్మవారి ఊరేగింపు సాగదు. ఊడ్పులనాడు కాని కోతలనాడు కాని ఆదివారము వచ్చినచో పిలిచినను రాడు. గ్రామాధికారులకు ఇది తిరుగుబాటుగా తోచెను. పెక్కుచోట్ల మేర ఆపిరి, నీరు తెచ్చుకొను దారి మూసిరి, కొట్టిరి, లేని నేరములు మోపి ఠాణాలకు పంపిరి. మన పూర్వులు చేసిన పని గనుక దీనిని దాచిపెట్టుట నాకు తగదు.

ఇచ్చటనే నా శంకకు సమాధానము కొంత దొరకినదంటిని. తృప్తి యనగా తనకు పడిన పాటుతో సమాధానపడుటయని మనము తఱచు బోధింతుము. మేర తక్కువైనను సణుగకుము, డప్పు పట్టుము, నీ కర్మమింతే యనుకొనుము – ఇదియే తృప్తి యైనచో, ఆ పల్లెలలో అందఱికంటె అసంతృప్తుడు పేరయ్యయే. కాని అతని ప్రవర్తనము చూచినవారు వ్రాసినది వేఱు. దెబ్బలు తిన్నవాడు పల్లెపల్లెకు నడచుచు నెమ్మదిగా మాటలాడువాడు. సంపదను గాని పదవిని గాని దొరను అడుగలేదు. అతని ఆస్తి పెరుగలేదు, కూలి పెరుగలేదు. పెరిగినది ఒక్కటే: తాను తుచ్ఛుడను అను మాటను ఇక నమ్మకుండుట. దైవము తన పేరెఱుగునని నమ్మినవానికి ఊరివారు పెట్టిన పేరు అంటదు. అది అంటనందున అతడు చచ్చిన గొడ్డును తినుట మాననుగలిగెను, చెప్పులు కుట్టుచు సుఖముగా నుండనుగలిగెను. ఈ రెండును ఒక్క తృప్తియొక్క రెండు ముఖములని నా యభిప్రాయము.

వారి గ్రంథములోను ఇట్టి మాట యున్నది. పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో, లేమిలోను కలిమిలోను తృప్తితో నుండుట తాను నేర్చుకొన్నట్లు చెప్పెను. వ్రాసినది సంకెళ్లలో నుండి. అతడు గుడారములు కుట్టి పొట్టపోసికొనినవాడు. సూది పట్టినచేయి వ్రాసిన మాట గనుకనే సూది పట్టినవారికి అది తేలికగా చేరెనేమో!

కాని ఊరిలో మఱియొక మాట వినబడును. నేనును బాల్యమునుండి విన్నాను. వారందఱు అన్నము కొఱకు చేరిరి, కరవులో గంజిపోసి దొరలు మతము నిచ్చిరి – అని. ఈ మాటను ఊరక త్రోసివేయగూడదు. లెక్కలు చూచియే చెప్పవలెను.

1876లో ధాత సంవత్సరమున వానలు లేవు. మఱుసటి ఈశ్వర సంవత్సరమునను చాలకాలము అట్లే. మద్రాసు రాజధానిలో జనులు లక్షలకొలది చచ్చిరి. మన ముత్తవ్వలు ధాతకరవని చెప్పుకొనినది ఇదియే. కరవు పనులలో భాగముగా ప్రభుత్వము బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండెను. క్లౌ దొర అందు మూడున్నర మైళ్ల భాగమును కంట్రాక్టుగా తీసికొనెను. పూర్వము నేర్చిన సర్వే విద్య ఇక్కడ అక్కఱకు వచ్చినది. సుమారు 3,000 మంది అతని క్రింద మన్ను త్రవ్విరి. పేరయ్యవంటి తెలుగు బోధకులు మేస్త్రీలుగా నిలిచి, కూలి సరిగా ముట్టునట్లు చూచిరి. పలుగు దింపి కూర్చున్నవేళ, భారము మోయువారలారా రండు అని క్రీస్తు పిలిచిన పిలుపును చెప్పెడివారు. కలరా వచ్చి చావగా చావగా, మిగిలినవారు పని సాగించిరి.

ఈ పనివారిలో పెక్కుమంది బాప్తిస్మమిమ్మని అడిగిరి. దొర ఇయ్యలేదు. 1877 మార్చి మొదలు 1878 జూన్ వఱకు, 15 మాసములు, ఒక్కనికిని ఇయ్యలేదు. కూలి యిచ్చు చేతితో బాప్తిస్మమిచ్చినచో ఏది కూలికై వచ్చినదో ఏది మనసునుండి వచ్చినదో తెలియదని అతని తలంపు. గంజిపోసి మతము నిచ్చెనను మాటకు ఈ 15 మాసములు అడ్డుపడుచున్నవి. అయినను ఆకలికి ఇందు పాత్రయే లేదని నేననను. ఆకలియే వారిని కాలువగట్టునకు చేర్చెను, అచ్చటనే వారా మాటను వినిరి. చావు ఇంటింట తిరుగుచుండగా మనుష్యుడు దైవమును గూర్చి ఆలోచించుట దోషమా? మనలో ఎంతమందిమి సుఖముగా నున్నప్పుడు గుడికి పోయితిమి?

ఇంకొక సంగతియు దాచరాదు. చేరినవారిలో అధికభాగము ఒక్క కులమువారే. తరువాత చేరిన మాలలకును వీరికిని నడుమ పూర్వపు దూరము సంఘములోనికిని వెంటవచ్చినది. ఒక తరములో అది పోలేదు. నమ్మకము పేరయ్య మనస్సును మార్చినంత వేగముగా ఊరి గోడలను మార్చలేకపోయినది.

1878 జూన్ వచ్చెను. సంవత్సరము పేరు బహుధాన్య. పేరునకు తగిన పంట ఇంకను ఎవ్వరి యింటికిని రాలేదు. ఒంగోలున మశూచికము వ్యాపించియుండుటచే, క్లౌ దొర తన బోధకులను పట్టణమునకు గాక, ఉత్తరముగా పది మైళ్ల దూరమున గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లికి రమ్మని కబురంపెను. బోధకులను మాత్రమే రమ్మని వ్రాసెను. వారి వెనుక జనులు వేలకొలది వచ్చిరి.

దొర వారికి ఎదురుగా నిలిచి, కాలువపని ముగిసినది, ఇక నా యొద్ద పనిలేదు, పంచుటకు ధనము లేదు, మీరు ఇండ్లకు పొండని చెప్పెను. వారు కదలలేదు. మేము సాయము కొఱకు రాలేదనిరి. అరచేతులు చాచి, పలుగు పట్టి పొక్కిన బొబ్బలను చూపి, ఇట్లే కష్టించి బ్రదుకుదుమనిరి. వానలు మఱల తప్పినచో చత్తుము, చచ్చునప్పుడు క్రైస్తవులుగా చత్తుము, మమ్ము చేర్చుకొనుమనిరి. ఆ మాటకు దొర మఱి బదులు చెప్పలేకపోయెను. ప్రతిపల్లెవారిని ఆ పల్లె నెఱిగిన బోధకులు వేఱుగ కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిని విచారించిరి. తగరని తోచినవారిని ఆగుమనిరి.

జూలై 2వ తేదీన 614 మంది గుండ్లకమ్మలో దిగిరి. 3వ తేదీ తెల్లవాఱి ఆఱుగంటలకు మొదలుపెట్టి పదునొకండు గంటలవఱకు, మఱల రెండు గంటలు మొదలు ఏడు గంటలవఱకు బాప్తిస్మములు జరిగెను. నీటిలో నిలిచినవారు తెలుగు బోధకులే. ఇద్దఱు అలసినంతనే ఇద్దఱు దిగిరి, ఇట్లు ఆఱుగురు వంతులు పుచ్చుకొనిరి. దొర ఒడ్డున నిలుచుండెను. తన చేతితో ఒక్కనికిని ఇయ్యలేదు. ప్రతివాని పేరును నోట పలికి నీట ముంచిరి. ఊరిలో ఒరేయని తప్ప ఎన్నడును పిలువబడనివారు ఆనాడు తమ పేరు నదియొడ్డున వేలమంది నడుమ పలుకబడగా వినిరి. చీకటిపడునప్పటికి లెక్క 2,222.

మఱునాడు మఱి 700 మంది రేవునకు వచ్చిరి. ఆ సంవత్సరాంతమునకు 9,606 మంది చేరిరి. వారు తమ తమ పల్లెలకు తిరిగిపోయి చెప్పులు కుట్టుకొనుచుండిరి.