నాలుగు నూళ్ల పలక

ఆ పలక మీద చెయ్యి వెయ్యకండి, జివ్వుమంటుంది. రాత్రంతా ఈ చలిలోనే పడి ఉంది. ఇది మిషిగన్ రాష్ట్రంలోని నోవై, డెట్రాయిట్‌కి వాయవ్యంగా ఉన్న శివారు ఊరు. జనవరి శనివారం పొద్దున్న, బయట మైనస్ 8 డిగ్రీలు. ఇంటికి ఆనించి కట్టిన రెండు కార్ల గ్యారేజీలో ఉన్నాం మనం. రెండో కారు మాత్రం పాపం మంచులోనే నిలబడుతోంది. దాని చోట్లో డ్రిల్లింగ్ మిషను, పాతదొక చిన్న లేతు, వెల్డింగ్ సెట్టు, నిలువెత్తు ఆర్గాన్ సిలిండరు కాపురం పెట్టాయి.

పలకని ఇప్పుడే కొలవడానికి లేదు. హీటరు వేడెక్కి గది ఒక దారికి వచ్చేసరికి 30 డిగ్రీల తేడా పడుతుంది. 300 మిల్లీమీటర్ల అల్యూమినియం ఆ తేడాకి 0.2 మిల్లీమీటరు సాగుతుంది. ఇవాళ్టి పనిలో 0.2 అంటే చాలా ఎక్కువ. అందాకా కాఫీ తాగుతూ కారు చూద్దాం. ఆ టైరు మీద కూర్చోండి, ఫరవాలేదు.

ఎదురుగా ఉన్న ఎర్ర బండి మాజ్దా మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి జనం కంటబడిన రెండు సీట్ల కారు. పైకప్పు మడిచేసుకోవచ్చు. బరువు వెయ్యి కిలోల లోపే. 1.6 లీటర్ల ఇంజను, 116 గుర్రాలు. మలుపుల్లో ఎంత హుషారో, ఎత్తు ఎక్కేటప్పుడు అంత నీరసం. ఆ నీరసానికి మందు బెంచీ మీద ఉంది. పాత మినీ కూపర్ ఎస్ నుంచి ఊడదీసిన ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్, తుక్కు కార్ల యార్డులో కొన్నది.

దాని నోట్లోకి టార్చి వేసి చూడండి. రెండు రోటర్లు, ఒక్కోదానికి మూడు తమ్మెలు, జడపాయల్లా మెలికపడి ఒకదాని సందులో ఒకటి తిరుగుతాయి. ఒకదాన్నొకటి తాకవు. ఈ ఆలోచన కార్లకన్నా ముసలిది. పక్క రాష్ట్రం ఇండియానాలో, కానర్స్‌విల్ అనే ఊళ్లో, ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో దీనికి పేటెంటు తీసుకున్నారు. తర్వాత అది ఇనుప కొలుముల్లోకి గాలి ఊదింది. 1921లో మెర్సిడెస్ వాళ్లు అమ్మకానికి పెట్టిన కార్లకి బిగించారు. పని ఒకటే. లోపల గాలిని నొక్కదు, ఈ పక్కన తీసుకుని ఆ పక్కకి తోసేస్తుంది. ఇంజను మింగగలిగిన దానికన్నా ఎక్కువ తోస్తే, మిగిలింది మానిఫోల్డులో ఇరుక్కుని పీడనమవుతుంది.

గోడ మీది తెల్లబోర్డు మీద లెక్క ఉంది. ఇంజను రెండు చుట్లకి 1.6 లీటర్లు, అంటే చుట్టుకి 0.8. బ్లోయర్, అంటే ఈ సూపర్‌ఛార్జరే, తన ఒక చుట్టులో తోసేది 45 ఘనపుటంగుళాలు, అంటే 0.74 లీటరు. ఇంజను ఒక చుట్టు తిరిగితే బ్లోయర్ ఒకటిన్నర చుట్లు తిరిగేలా పుల్లీలు పెడితే, కారిపోయేది తీసేసినా 0.4 బార్ దాకా పీడనం దక్కుతుంది. 7,000 ఆర్‌పీఎం దగ్గర బ్లోయర్ 10,500 తిరుగుతుంది, దాని ఓపికకి లోబడే. ఊరికే ఏదీ రాదు కనుక గాలి 50 డిగ్రీలు వేడెక్కుతుంది, బ్లోయర్ తన కూలిగా తొమ్మిది గుర్రాల దాకా మింగుతుంది. పోనూ మిగిలింది 150 గుర్రాల దరిదాపుల్లో ఉండాలి.

ఈ లెక్క ఎవరైనా వేసేస్తారు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కూడితే మాట్లాడేది ఈ గుర్రాల గురించే. నాకు మాత్రం అది పనిలో పదో వంతు అనిపిస్తుంది. తొమ్మిది గుర్రాలు ఒక రబ్బరు బెల్టు మీదుగా పోతుంటే, ఆ బెల్టు పదుల కిలోల బలంతో ఒక పక్కకి లాగుతుంటే, బ్లోయర్‌ని కదలకుండా, వంకర లేకుండా పట్టుకునేది ఏది? ఇంజను ఒక కంపెనీది, బ్లోయర్ ఇంకొక కంపెనీది. రెండింటి బోల్టు రంధ్రాలకీ ఎక్కడా పొత్తు లేదు. మధ్యవర్తి ఈ అరంగుళం అల్యూమినియం పలకే, ఆటోనగర్ భాషలో నాలుగు నూళ్లు.

ఆ భాష ఇక్కడికెలా వచ్చిందంటే, ఈ ఇంటాయన పుట్టింది విజయవాడలో. వాళ్ల నాన్నగారిది ఆటోనగర్‌లో లేతు షెడ్డు. ఈయన ఉద్యోగం డెట్రాయిట్ కార్ల పరిశ్రమలోనే, కాకపోతే కంప్యూటరు ముందు. చేతికి నూనె అంటేది శని, ఆదివారాలే. పదకొండో తరగతి చదివే కూతురు పక్కనే ఉంది, జుట్టు బిగించి ముడేసి, కళ్లద్దాల మీద ఇంకో కళ్లద్దాలు పెట్టుకుని. మూలన కుర్చీలో ఉన్న పెద్దాయన పక్కింటాయన, అమెరికన్. ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీలో డైలు చేసి రిటైరైన మనిషి. అడిగితేగానీ సలహా ఇవ్వడు, ఇస్తే ఒక్క వాక్యమే.

గ్యారేజీలో బండి పనులు చేసే జబ్బు ఈ ప్రాంతానికి కొత్తది కాదు. ఇక్కడినుంచి గంటలోపు ప్రయాణం, డెట్రాయిట్ బాగ్లీ అవెన్యూలో, తన అద్దె ఇంటి వెనక షెడ్డులో 1896 జూన్ 4న హెన్రీ ఫోర్డ్ మొదటి బండి తయారు చేశాడు. బయటికి తీద్దామంటే తలుపు చాల్లేదు. గొడ్డలితో ఇటుకల గోడ పగలగొట్టాడు. కొలతల మాటొస్తే ఈ ఇంట్లో ఆ కథ తప్పకుండా వస్తుంది.

గది వెచ్చబడింది. అట్టముక్కల మీద కసరత్తు నిన్నటికే అయిపోయింది. ఇంజను రంధ్రాల్లో మొనతేలిన మరమేకులు బిగించి, వాటి మీద అట్ట నొక్కితే కేంద్రాలన్నీ గుచ్చుకుని అచ్చు పడ్డాయి. అట్టనుంచి ప్లైవుడ్డుకి, అక్కడినుంచి పలక మీదికి. ఇప్పుడు నీలం రంగు పూసిన పలక మీద గీతలు తళతళలాడుతున్నాయి.

చెవులకి మూతలు పెట్టుకోండి, బ్యాండ్‌సా మొదలవుతోంది. బ్లేడుకి మైనం రాస్తున్నాడు చూశారా, అది లేకపోతే మెత్తటి అల్యూమినియం పళ్ల సందుల్లో అతుక్కుని రంపం కాస్తా మొద్దు చక్రమైపోతుంది. గీతకి ఒక మిల్లీమీటరు బయటే కోసి, ఆ మిగులుని ఆకురాయితో అరగదీయాలి. బెంచ్ గ్రైండరు అంత దగ్గర్లో ఉన్నా అటు చూడడేమని మీకు అనిపించవచ్చు. ఇనుముకి వాడే రాయి మీద అల్యూమినియం పెడితే రాయి రంధ్రాలు పూడిపోతాయి, వేడెక్కి రాయి పగలనూవచ్చు. పైగా ఇనుప తుప్పు, అల్యూమినియం పొడి కలిసిన చోట నిప్పురవ్వ పడితే ఏమవుతుందో రైలు పట్టాలు అతికేవాళ్లని అడగాలి. అందుకే ఆకురాయి. నెమ్మదిగా, ముందుకి తోసేటప్పుడు మాత్రమే నొక్కుతూ.

రంధ్రాల పని కూతురిది. ఎం8 మరకి 6.8 బిట్టు. పంచి దెబ్బ, ముందు సన్న బిట్టు, తర్వాత అసలు బిట్టు, ఒక చుక్క నూనె. ట్యాపు సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. చుట్టల పొట్టు విరిగి రాలినప్పుడల్లా చిన్న 'టిక్' వినిపిస్తుంది.

"నాన్నా, బిగుసుకుంటోంది."

"బలం పెట్టకు తల్లీ. వెనక్కి తీసి, పొట్టు ఊదేసి మళ్లీ పెట్టు. అది విరిగితే పలకంతా మళ్లీ మొదటికే."

ఈ పలక మీద ఒక్క వెల్డింగు కూడా లేదు, అన్నీ బోల్టులే. 6061-టీ6 రకం అల్యూమినియానికి బలమంతా వేడితో పదును పెట్టడం వల్ల వచ్చింది. వెల్డింగు వేడి తగిలిన చోట ఆ పదును పోయి, బలం ఇంచుమించు సగానికి పడిపోతుంది. అందంగా అతికిన బ్రాకెట్లు ఫొటోల్లో బాగానే ఉంటాయి. నన్నడిగితే బెల్టు లాగే చోట అతుకు ఉండకూడదు.

అతుకు పని మానిఫోల్డు గొట్టానికి. ఆ రెండో హెల్మెట్ మీరు పెట్టుకోండి. గొట్టాన్ని అసిటోనుతో తుడిచాడు, అల్యూమినియానికే విడిగా ఉంచిన స్టీలు బ్రష్షుతో గీకాడు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుని ఈ ఛాయలకే రానివ్వడు. దాని తడి మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే.

పెడల్ నొక్కాడు. ఏసీ కరెంటు జుమ్మని మోగుతోంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైనున్న ఆక్సైడు పొర మాత్రం 2,070 దాటితేగానీ కరగదు. అందుకే కరెంటు అటూ ఇటూ మారాలి, ఒక సగం పొరని చెదరగొడుతుంది, ఇంకో సగం లోహాన్ని కరిగిస్తుంది. మూడు మిల్లీమీటర్ల గొట్టానికి 120 ఆంపియర్లు. చూస్తూండండి, ముందు మసకగా తెల్లబడుతుంది, ఉన్నట్టుండి ఒక చుక్క మెరుస్తుంది. ఆ మెరుపులోకి తీగ ముంచాలి, తీయాలి, జరగాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే చుక్క కాస్తా రంధ్రమై కిందికి జారిపోతుంది.

చల్లారాక గొట్టాన్ని బిగించే చదును అంచుని, ఫ్లాంజిని, చూస్తే వంగింది. మందపాటి ఉక్కు దిమ్మకి బిగించే అతికినా వంగింది. లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. పెద్దాయన అప్పుడు లేచాడు. తన ఇంట్లోంచి మోయించుకొచ్చిన గ్రానైట్ బండ బెంచీ చివర ఉంది. దాని మీద గరుకు కాగితం పరిచి, ఫ్లాంజి ముఖానికి మార్కరుతో గళ్లు గీసి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దమన్నాడు. రంగు పోయిన చోట మిట్ట, మిగిలిన చోట పల్లం. కూతురు రుద్దుతోంది, తండ్రి రుద్దుతున్నాడు, మీరూ ఒక చెయ్యి వెయ్యండి. చేతులు పీకుతాయి. గళ్లన్నీ చెరిగేదాకా ఇంతే.

మినీలో నీటి పంపు ఈ బ్లోయర్ వెనక పళ్లచక్రాలతోనే తిరిగేది. ఇక్కడ పంపు లేదు గనుక ఆ రంధ్రానికి నూనె కారకుండా ఒక మూత చేశారు. ఇంజెక్టర్లు, వైర్లు, కంప్యూటరు ఇంతకుముందే అయ్యాయి, వాటి గొడవ మనకొద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. పలక ఇంజనుకి, బ్లోయర్ పలకకి, మధ్యలో లేతు మీద తీసిన స్పేసర్లు. ఆరు గాళ్ల బెల్టు, గాడికీ గాడికీ 3.56 మిల్లీమీటర్లు. కూతురు కింది పుల్లీ ముఖానికి స్టీలు బద్ద ఆనించి, పై పుల్లీ దగ్గర సందులో ఫీలర్ గేజి దూర్చింది.

"నాన్నా, పాయింట్ ఫోర్ ఉంది. పైన ఒక్క చోటే."

"ఒక వాషరు పడేస్తే?"

పెద్దాయన వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపి, ఎక్కువున్నదాన్ని తగ్గించు, తక్కువున్నదాన్ని నింపకు అన్నాడు. అంతా విప్పారు. పొడుగ్గా ఉన్న స్పేసరు లేతులోకి వెళ్లింది, సన్నటి దారంలా పొట్టు లేచింది. మళ్లీ బిగించారు. ఈసారి 0.05 రేకు కూడా దూరలేదు.

గ్యారేజీ తలుపు పైకెత్తారు, చలి ఒక్కసారి మీద పడింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. మీరనుకున్నంత చప్పుడు లేదు కదా? ఊరికే తిరిగేటప్పుడు బైపాస్ వాల్వు తెరుచుకుని గాలిని వెనక్కి తిప్పేస్తుంది. పెడల్ తొక్కాడు, సన్నటి కూత లేచింది, గేజి ముల్లు సున్నా దాటి తొంగి చూసింది. అంతకుమించి పోనివ్వలేదు. పెట్రోలు లెక్క రోడ్డు మీద సరిచూసుకోకుండా పీడనం ఎక్కిస్తే పిస్టన్లు మిగలవు. బెల్టు మాత్రం గాళ్ల మధ్య బాణంలా నిలబడింది.

పావుగంట వేడెక్కనిచ్చి ఆపేశారు. బిగించినప్పుడు ప్రతి బోల్టు తల మీదా, పలక మీదా కలిపి పసుపు రంగు గీత గీసి ఉంచింది కూతురు. టార్చి పట్టుకుని ఒక్కొక్కటే చూస్తోంది.

"ఇది జరిగింది."

తండ్రి వంగి చూశాడు. గీత వెంట్రుకవాసి విరిగింది. "బోల్టు తప్పు కాదు తల్లీ. తల కింద అల్యూమినియం నలిగింది, పట్టు సడలింది. వెడల్పాటి స్టీలు వాషరు కావాలి, మందంగా. రెండో సొరుగులో ఉక్కు కడ్డీ ఉంటుంది చూడు."

ఇంటికి వెళ్దామని కోటు తొడుక్కున్న పెద్దాయన దాన్ని మళ్లీ విప్పి కుర్చీ వెనక వేసుకున్నాడు. వాషరు అడుగు ముఖం చదునుగా రాకపోతే ఇంత చేసీ లాభం లేదన్నాడు.