మూడు నెలల పూచీ

1847లో బ్రిటిష్ పార్లమెంటు గ్యాస్‌వర్క్స్ క్లాజెస్ చట్టం అని ఒకటి చేసింది. గ్యాసు గొట్టం కోసం వీధిని తవ్విన కంపెనీ ఏం చెయ్యాలో అందులో ఒక పొడవాటి వాక్యం చెబుతుంది. గొయ్యి చుట్టూ అడ్డు కట్టాలి. రాత్రిపూట నడిచేవాళ్ళకి కనబడేలా దీపం పెట్టాలి. ఆలస్యం లేకుండా పూడ్చి, రోడ్డుని మళ్ళీ బాగుచెయ్యాలి. అక్కడితో అయిపోలేదు. పూడ్చాక మూడు నెలలపాటు ఆ చోటు బాగోగులు కంపెనీయే చూసుకోవాలి. అప్పటికీ మట్టి కుంగుతూ ఉంటే, కుంగినన్నాళ్ళూ, మొత్తం మీద పన్నెండు నెలలు మించకుండా ఆ పూచీ కొనసాగుతుంది.

చట్టాల భాషలో అందం వెతకడం కొంచెం తిక్కపనే గానీ, ఈ చివరి ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇది రాసినవాళ్ళకి మట్టి సంగతి తెలుసు. తవ్వి తీసిన మట్టి గుల్లబారుతుంది. దాన్ని పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొరనీ దిమ్మిస కొట్టకుండా గోతిలోకి నెట్టేస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి. పైన తారు పూస్తే ఆ రోజుకి చదునుగానే కనిపిస్తుంది. తర్వాత వాన నీళ్ళు దిగుతాయి, బళ్ళు తొక్కుతాయి, మట్టి సర్దుకుంటుంది. రోడ్డు మీద సన్నగా, పొడుగ్గా, బైకు చక్రం సరిగ్గా ఇరుక్కునేంత వెడల్పున ఒక పల్లం తేలుతుంది. తవ్వినవాడి బాధ్యత పూడ్చిన రోజుతో తీరదని, మట్టి కుదుటపడిన రోజున తీరుతుందని 1847లోనే రాసి పెట్టారన్నమాట.

ఈ వాక్యం అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి. లండన్‌కి నీళ్ళు తెచ్చిన న్యూ రివర్ కాలువ 1613లో పూర్తయింది. వీధుల కింద అప్పట్లో వేసినవి చెక్క గొట్టాలు, ఎల్మ్ దుంగల్ని తొలిచి చేసినవి. అవి కారేవి, పుచ్చిపోయేవి. మార్చాలంటే తవ్వాలి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కొత్త నీటి కంపెనీలు పోటీకి వచ్చి, ఒకే వీధిలో రెండు మూడు కంపెనీలు పక్కపక్కన గొట్టాలు వేసుకున్నాయి. చివరికి 1817లో ఊరిని వాటాలుగా పంచుకుని ఆ పోటీకి స్వస్తి చెప్పాయి. ఈలోగా 1812లో గ్యాస్ లైట్ అండ్ కోక్ కంపెనీకి రాజు చార్టర్ వచ్చింది. నీటికి ఒకరు, వెలుతురుకి ఇంకొకరు, మురుగుకి మరొకరు. వీధి మాత్రం ఒక్కటే.

ప్రతి కంపెనీ పార్లమెంటుకి వెళ్ళి తనకంటూ ఒక ప్రత్యేక చట్టం తెచ్చుకునేది. అన్నిట్లోనూ దాదాపు అవే నిబంధనలు. విసుగెత్తి, 1845 నుంచి 1847 దాకా పార్లమెంటు ‘క్లాజెస్’ చట్టాల వరుస ఒకటి చేసింది. ఉమ్మడి నిబంధనలన్నీ ఒకచోట రాసి పెడతాం, కొత్త కంపెనీ చట్టంలో ‘అవి మాకూ వర్తిస్తాయి’ అంటే చాలు అన్నారు. మా సాఫ్ట్‌వేర్ పనిలో దీన్ని లైబ్రరీ అంటాం. అందరికీ కావలసిన కోడ్ ఒక్కసారి బాగా రాసిపెట్టి, ఎవరికి కావాలంటే వాళ్ళు దిగుమతి చేసుకోవడం. మంచి ఆలోచనే. కానీ లైబ్రరీలో ఉన్న లోపం కూడా అందరికీ దిగుమతి అవుతుంది.

ఇక్కడి లోపం ఏమిటంటే, కంపెనీ ఎవర్నీ అనుమతి అడగక్కర్లేదు. తవ్వే హక్కు పార్లమెంటే ఇచ్చేసింది. రోడ్డు చూసుకునే స్థానిక సంస్థకి మూడు రోజుల ముందు నోటీసు ఇస్తే సరి. వాళ్ళు వచ్చి నిలబడి చూడొచ్చు, పద్ధతి ప్రకారం చెయ్యమనొచ్చు, వద్దు అనడానికి మాత్రం లేదు. అత్యవసరమైతే ఆ మూడు రోజులు కూడా ఆగక్కర్లేదు. పూడ్చడంలో జాప్యం చేస్తే జరిమానా ఐదు పౌండ్లు, ఆపైన రోజుకి ఐదు పౌండ్లు. ఇంగ్లండ్‌లో ఈ తంతు మారడానికి చాలా కాలం పట్టింది. 1991 చట్టం పూచీ గడువుని పెంచింది, దాని కింది నిబంధనల్లో అది రెండేళ్ళు, లోతైన తవ్వకాలకి మూడేళ్ళు. అయినా తవ్వకానికి నోటీసే చాలు. నోటీసు బదులు పర్మిట్ తీసుకోవాలనే వీలు 2004 చట్టంతో వచ్చి, 2010లో కెంట్‌లోనూ లండన్‌లోనూ అమలు మొదలైంది. ‘తవ్వుతున్నాం’ అనే మాట ‘తవ్వమంటారా’గా మారడానికి 163 ఏళ్ళు!

అసలు తవ్వకుండానే ఉండే దారి వాళ్ళకి తోచలేదా అంటే, తోచింది. పారిస్‌లో హౌస్‌మన్ హయాంలో ఇంజనీరు బెల్‌గ్రాండ్ కట్టించిన మురుగు సొరంగాలు మనుషులు నడవగలిగేంత పెద్దవి. నీటి గొట్టాలు వాటి గోడలకే అమర్చారు. లండన్‌లో 1861లో గారిక్ స్ట్రీట్ కింద గొట్టాల కోసమే ఒక సొరంగం కట్టారు. అందులోకి రావడానికి గ్యాసు కంపెనీలు వెనకాడాయి. మూసిన సొరంగంలో గ్యాసు కారితే పేలుతుందన్నారు. ఆ భయంలో నిజం ఉంది. అయితే రోడ్డు తవ్వే ఖర్చులో సగం ఊరి జనం మీద పడుతున్నప్పుడు, సొంత ఖర్చుతో సొరంగంలోకి మారాలని ఏ కంపెనీకైనా ఎందుకనిపిస్తుంది?

అనుమతి ఉన్నంత మాత్రాన అంతా చక్కబడుతుందనీ లేదు. న్యూయార్క్‌లో 1882లో పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రం కోసం ఎడిసన్ వీధుల కింద తీగలు వేయించాడు. నగర అధికారి పిలిచి, ఐదుగురు ఇన్‌స్పెక్టర్లని పెడుతున్నాం, ఒక్కొక్కరికి రోజుకి ఐదు డాలర్లు మీరే ఇవ్వాలి అన్నాడట. వీళ్ళు అడుగడుగునా అడ్డుపడతారేమోనని ఎడిసన్ బెంగపెట్టుకున్నాడు. తీరా చూస్తే వాళ్ళు శనివారం మధ్యాహ్నం జీతం తీసుకోవడానికి తప్ప ఎప్పుడూ రాలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఈ కథ చదివి నవ్వుకోడానికి మనకి అనువాదం అక్కర్లేదు.

మన దేశానికి ఈ లైబ్రరీ త్వరగానే వచ్చింది. కలకత్తాలో వీధి దీపాలకి గ్యాసు తెచ్చిన ఓరియంటల్ గ్యాస్ కంపెనీ కోసం 1857లోనే ఒక చట్టం చేశారు. 1885 టెలిగ్రాఫ్ చట్టం ఒక అడుగు ముందుకేసింది. స్థానిక సంస్థ అధీనంలో ఉన్న చోట లైను వెయ్యాలంటే ఆ సంస్థ అనుమతి కావాలంది. ఖర్చు గురించి, పని చేసే వేళ గురించి, పద్ధతి గురించి షరతులు పెట్టుకోవచ్చంది. లండన్‌లో గ్యాసు కంపెనీని అడగలేని మాట, ఇక్కడ మున్సిపాలిటీ ఏకంగా సర్కారు వారి టెలిగ్రాఫ్ శాఖని అడగొచ్చన్నమాట, కాగితం మీద. ఆ తర్వాత 1910 విద్యుత్ చట్టం. అడ్డు కట్టాలి, సూర్యాస్తమయానికి ముందే దీపం పెట్టాలి, పూడ్చాక మూడు నెలలు చూసుకోవాలి, మట్టి కుంగుతుంటే ఇంకో తొమ్మిది నెలలు. మూడూ తొమ్మిదీ కలిపితే మళ్ళీ పన్నెండే! లండన్ బంకమట్టికి రాసిన లెక్క, మన నల్లరేగడికీ మన వానాకాలానికీ అలాగే దిగిపోయింది.

మరి ఆ పూచీ ఇప్పుడేమైంది? నా ఉద్దేశంలో అది రుసుముగా మారిపోయింది. ఇవాళ రోడ్డు కటింగ్ అంటే ప్రధానంగా డబ్బు కట్టడం. 2016లో వచ్చిన టెలికాం రైట్ ఆఫ్ వే నియమాల్లో దరఖాస్తు ఫీజు కిలోమీటరుకి వెయ్యి రూపాయలు మించకూడదన్నారు. 60 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. పునరుద్ధరణ ఖర్చు కట్టాలి, లేదా తామే పూడుస్తామని బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. తర్వాత 2023 టెలికాం చట్టం కింద చేసిన కొత్త నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇందులో కంపెనీల వైపు న్యాయం లేకపోలేదు. ఒక్కో ఊళ్ళో ఒక్కో రేటు, నెలల తరబడి కదలని ఫైళ్ళు చూసినవాళ్ళకి గడువు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. కానీ డబ్బు కట్టినవాడు వెళ్ళిపోతాడు. కట్టించుకున్నవాడు టెండరు పిలవాలి. ఈ రెండింటి మధ్యలో ఆ గొయ్యికి ఎవరూ లేరు.

మా కాలనీలో సీసీ రోడ్డు వేసిన రెండు నెలలకే ఫైబర్ కోసం చీల్చారు. అడిగితే పర్మిషన్ కాగితం చూపించారు, డబ్బు కట్టేశామన్నారు. ఆఫీసుకి వెళితే, అవునండీ కట్టారు, మా ఎస్టిమేట్ పైకి వెళ్ళింది అన్నారు. ఇద్దరూ అబద్ధమాడలేదు. ఆ వానాకాలమంతా మా రోడ్డు పల్లంలో బళ్ళు జారుతూనే ఉన్నాయి. అన్నట్టు, హైదరాబాదులో వానలకి ముందు రోడ్డు కటింగ్ ఆపేస్తున్నట్టు ప్రకటన వస్తుంది, అత్యవసర పనులు మినహా. 1847 నాటి ఆ మినహాయింపు మాత్రం ఎక్కడా చెక్కుచెదరలేదు.

రెండో సంగతి, జ్ఞాపకం. గోతిలో ఏం పెట్టి పూడ్చామో ఎవరు గుర్తుంచుకుంటారు? ప్రతి సంస్థకీ తన పటం ఉంటుంది, వీధికి మాత్రం ఉండదు. 1995 ఏప్రిల్ 28న దక్షిణ కొరియాలోని డేగులో ఒక కట్టడం పని దగ్గర డ్రిల్లు గ్యాసు గొట్టానికి తగిలింది. కారిన గ్యాసు కాలువ గుండా పక్కనే కడుతున్న మెట్రో సొరంగంలోకి చేరి పేలింది. 101 మంది పోయారు, వాళ్ళలో బడికి వెళ్తున్న పిల్లలు చాలామంది. అంతకు కొన్ని నెలల ముందే సోల్‌లో కూడా గ్యాసు పేలుడు జరిగింది. ఆ రెండింటి తర్వాతే ఆ దేశం భూమి కిందున్న వాటిని ఒకే పటంలోకి ఎక్కించే పని మొదలుపెట్టింది. బ్రిటన్ ఇప్పుడిప్పుడే జాతీయ రిజిస్టరు తయారు చేసుకుంటోంది. మనకి 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్ వచ్చింది. తవ్వబోయేవాడు అందులో చెబితే, ఆ కింద గొట్టాలో కేబుళ్ళో ఉన్న సంస్థలకి కబురు వెళ్తుంది. ఇది మంచి మొదలు. కాకపోతే కబురు అందుకున్నవాడి దగ్గర సరైన పటం ఉండాలి. నిజాం కాలపు డ్రైనేజీ లైన్లు ఇంకా పనిచేస్తున్న ఊళ్ళో అది చిన్న షరతు కాదు.

చివరగా ఒక మాట. ఆ 1847 వాక్యంలో నడిచేవాడికి దీపం ఉంది, రోడ్డుకి మరమ్మతు ఉంది, మట్టికి కూడా గడువు ఉంది. గోతిలోకి దిగి తవ్వే మనిషి మాత్రం లేడు. పక్కల మట్టి విరిగిపడితే పోయేది ముందు అతనే, డ్రిల్లు కేబుల్‌కి తగిలితే మొదటి షాక్ అతనికే. మట్టిపనికి దేశమంతా పేరున్న పాలమూరు కూలీల సంగతి తెలిసిన మనకి ఈ లోటు కొట్టొచ్చినట్టు కనబడాలి. ఏ అడుగున రాయి తగిలిందో, ఎక్కడ పాత గొట్టం అడ్డొస్తే పక్కకి జరిపారో వాళ్ళకి తెలుసు. ఆ తెలిసింది అడిగి రాసుకునే గడి ఏ దరఖాస్తులోనూ నాకు కనబడలేదు. సాయంత్రం గొయ్యి మూసేసరికి ఆ సంగతి కూడా మట్టి కిందకి వెళ్ళిపోతుంది, తర్వాత తవ్వేవాడు దాన్ని మళ్ళీ గునపంతోనే తెలుసుకోవాలి.