ఇంట్లో పగడాలు పెంచిన చేతులు

పోయిన వేసవిలో మా అబ్బాయికి పూణేలో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ వెళ్తూ తన ఉప్పునీటి అక్వేరియం నాకు అప్పగించాడు. అందులో చేపలు రెండే. మిగతాదంతా ఒక రాయి, ఆ రాయి మీద చొక్కా గుండీలంత పువ్వులు. ఆకుపచ్చ, నారింజ రంగుల్లో, చుట్టూ సన్నటి రేకులతో భలే ముద్దుగా ఉండేవి. వాటిని జోయాంథిడ్‌లంటారనీ, పగడాలకు దగ్గరి చుట్టాలనీ చెప్పాడు. "అమ్మా, నీళ్ళు తగ్గితే పోస్తూ ఉండు, అంతే" అన్నాడు.

పోస్తూనే ఉన్నాను. సముద్రపు జీవాలు కదా అని ప్రతిసారీ ఉప్పు కలిపిన నీళ్ళే పోశాను. రెండు నెలలకి గుండీలన్నీ ముడుచుకుపోయాయి. మూడో నెలకి రాయి మీద గోధుమరంగు జిగురు మిగిలింది. చచ్చిపోయాయనుకుని, రాయి శుభ్రం చేద్దామని పొయ్యి మీద నీళ్ళు మరగబెడుతూ వాడికి ఫోన్ చేశాను. వాడు ఒక్క కేక పెట్టాడు. "అమ్మా! వేడినీళ్ళు పోయకు! స్టవ్ ఆపేసెయ్!"

వాడు ఎందుకంత కంగారు పడ్డాడో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, ఆ చదువు నన్ను మూడు వందల ఏళ్ళ వెనక్కి తీసుకెళ్ళింది. నేను చదివింది బీఏ తెలుగు. సైన్సు నాకు దూరం. కానీ ఇందులో సైన్సు కంటే ఇంటిపనే ఎక్కువ కనిపించింది. అందుకే మీకు చెప్పాలనిపించింది.

పువ్వా, పురుగా?

మన మంగళసూత్రాల్లో నల్లపూసల పక్కన పగడం ఉంటుంది కదా. దాన్ని మనం రత్నాల్లో లెక్కేస్తాం. సంస్కృతంలో ప్రవాళం అంటే పగడమూ అవుతుంది, లేత చిగురూ అవుతుంది. కవులు పగడాన్ని తీగగా ఊహించి విద్రుమలత అన్నారు. అంటే మనకది ఒకచోట రాయి, ఇంకోచోట మొక్క.

యూరప్‌లోనూ అదే గందరగోళం. 1706లో మార్సిగ్లీ అనే ఇటలీ పండితుడు అప్పుడే తీసిన ఎర్ర పగడపు కొమ్మను గాజు పాత్రలో సముద్రపు నీళ్ళు పోసి ఉంచాడు. కొంతసేపటికి కొమ్మ నిండా తెల్లటి చిన్న పువ్వులు విచ్చుకున్నాయి. బయటికి తీస్తే ముడుచుకున్నాయి. ఇంకేం, పగడం మొక్కేనని తేల్చేశాడు. 1720లలో మార్సెయ్‌కి చెందిన పెసొనెల్ అనే వైద్యుడు అదే చూసి, అవి పువ్వులు కావు, చిన్న జంతువులు అన్నాడు. ఆయన రాసి పంపింది పారిస్ అకాడమీలో చదివిన రియొమ్యూర్ అనే పెద్దాయన, రాసినవాడి పేరు చెప్పకుండా చదివాడు. ఇంత వింత మాట అన్నవాడు నవ్వులపాలవుతాడని జాలిపడ్డాడట. తర్వాత పెసొనెల్ మాటే నిజమైంది.

1768లో జాన్ ఎల్లిస్ అనే బ్రిటిష్ పండితుడు వెస్టిండీస్ దీవుల నుంచి వచ్చిన ఒక గుంపు జీవిని వర్ణించి, గుత్తిగా పెరిగే జంతు పుష్పం అన్నాడు. అదే మా తొట్టెలోని గుండీల జాతి. జోయాంథిడ్ అనే పేరులో ఉన్నవి కూడా జంతువు, పువ్వు అనే రెండు గ్రీకు మాటలే. ఒక్కో గుండీ ఒక్కో నోరు. అడుగున అన్నీ కలిసే ఉంటాయి, ఉమ్మడి కుటుంబంలాగా.

సూదీ దారంతో పగడాలు

జంతువని తెలియడం ఒక ఎత్తు. దాన్ని సముద్రానికి దూరంగా ఇంట్లో బతికించడం ఇంకో ఎత్తు. ఈ రెండో పనిలో ముందున్నవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు.

ఒకావిడ జాన్ విల్‌ప్రో పవర్. 1794లో ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూళ్ళో పుట్టి, పారిస్‌లో బట్టలు కుట్టి బతికింది. తర్వాత సిసిలీ దీవికి వెళ్ళింది. అక్కడ ఆక్టోపస్ జాతికి చెందిన ఒక గవ్వజీవిని బతికుండగా చూడాలని 1832లో గాజు తొట్టెలు చేయించింది. ఆ జీవి తన గవ్వను తనే తయారుచేసుకుంటుందని రుజువు చేసింది. 1838లో ఆమె కాగితాలూ బొమ్మలూ తీసుకెళ్తున్న ఓడ మునిగిపోయింది. ఏళ్ళ కష్టం నీళ్ళపాలు.

రెండో ఆవిడ అన్నా థిన్. పగడాల విషయంలో మన అసలు కథ ఈమెదే. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబే అనే పెద్ద చర్చిలో ఆమె భర్తకి పదవి. పిల్లలతో నిండిన ఇల్లు. 1846లో ఆమె దక్షిణ తీరాన టార్కీ అనే ఊరు వెళ్ళింది. అక్కడి రాళ్ళ మీద చిన్న కప్పుల్లాంటి పగడాలు చూసి ముచ్చటపడింది. లండన్ తీసుకెళ్ళాలనుకుంది. రెండు వందల కిలోమీటర్ల పైమాటే ప్రయాణం. కుదుపులకి జాడీలో ఒకదానికొకటి కొట్టుకుని నలిగిపోతాయి. అప్పుడామె ఏం చేసిందో తెలుసా? సూదీ దారం తీసుకుని వాటిని ఒక పెద్ద స్పాంజికి కుట్టేసింది! స్పాంజి మెత్తగా పట్టుకుని ఉంటుంది, నాలుగు వైపులా నీళ్ళూ తగులుతాయి. ఏ పుస్తకమూ నేర్పని ఉపాయం అది. కుట్టుపని చేసే చేతికే తడుతుంది.

ఇల్లు చేరాక అసలు చిక్కు మొదలైంది. లండన్‌లో సముద్రపు నీళ్ళు రోజూ దొరకవు. ఉన్న నీళ్ళలో ప్రాణవాయువు అయిపోతే పగడాలు చస్తాయి. అందుకని ఆ నీళ్ళనే ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, తెరిచిన కిటికీ ముందు, అరగంట నుంచి ముప్పావుగంట సేపు తిరగబోయించేది. మనం కాఫీ తిరగబోస్తాం చూడండి, అలాగ. నీళ్ళు గాలి పట్టుకునేదాకా. ఈ పని చేసింది ఆమె కాదు, ఇంట్లో పనిచేసే చిన్నపిల్ల. ఆ సంగతి అన్నా థిన్ దాచలేదు, తానే రాసింది. అలసట పుట్టించే పనే గానీ ఆ పిల్లకి అదొక సరదాగా ఉండేదని రాసింది.

ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు కూర్చుండిపోయాను. ముప్పావుగంట సేపు బరువైన నీళ్ళ పాత్ర ఎత్తి పోయడం ఎవరికి సరదా? యజమానురాలి పేరు ఈనాటికీ మిగిలింది. ఆ పిల్ల పేరు ఆ రాతలో లేదు.

1847లో అన్నా థిన్ టార్కీ నుంచి సముద్రపు నాచు తెప్పించింది. గిన్నెల్లో వేసి ఎండ తగిలేచోట పెట్టింది. నాచు ప్రాణవాయువు వదులుతుంది, పగడాలు పీల్చుకుంటాయి. ఆ పిల్ల చేతులు చేసిన పని ఇక నాచు చేసింది. అలా దాదాపు మూడేళ్ళు ఆమె పగడాలు లండన్ నడిబొడ్డున బతికాయి. అవి ఎలా పెరుగుతాయో, ఎలా ఒకటి రెండవుతాయో రోజూ చూసి రాసుకుంది. ఆ రాత 1859లో ఒక ప్రకృతిశాస్త్ర పత్రికలో అచ్చయింది. అప్పటికే అక్వేరియం పేరు చెబితే లోకం ఫిలిప్ హెన్రీ గాస్‌నే తలుచుకుంటోంది. 1853లో లండన్ జూలో ప్రజల కోసం తొలి అక్వేరియం తెరవడంలోనూ, 1854లో వచ్చిన పుస్తకంతో ఇంటింటా అక్వేరియం మోజు పుట్టించడంలోనూ ఆయన చెయ్యి ఉంది.

ఆ మోజు ఎంత పెరిగిందంటే, జనం బుట్టలు పట్టుకుని సముద్రపు ఒడ్డున పడ్డారు. అవి ఇంట్లో నాలుగు రోజులకి చస్తే మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నారు. తన చిన్నప్పుడు నిండుగా ఉన్న రాతిగుంటలు తండ్రి పుస్తకాల పుణ్యమా అని ఖాళీ అయిపోయాయని గాస్ కొడుకు ఎడ్మండ్, 1907లో రాసుకున్న జ్ఞాపకాల్లో బాధపడ్డాడు.

బతికిన కథలూ లేకపోలేదు. స్కాట్లండ్‌లో సర్ జాన్ డేలియల్ అనే ఆయన 1828లో ఒక సముద్రపు పువ్వును, అంటే జోయాంథిడ్‌లకి దాయాదిని, గాజు జాడీలో పెట్టాడు. నీళ్ళు మారుస్తూ పోయారు. 1851లో ఆయన పోయాడు. అది మాత్రం చేతులు మారుతూ, పిల్లల్ని కంటూ, 1887 దాకా బతికింది. దాన్ని గ్రానీ, అంటే బామ్మ, అని పిలిచేవారు. అది చనిపోతే పత్రికలో వార్త కూడా వేశారు. యాభై తొమ్మిదేళ్ళు ఎవరో ఒకరు నీళ్ళు మార్చడం మర్చిపోలేదన్నమాట.

పులుసు సంగతి తెలిసీ

మరి నా దగ్గర ఎందుకు చచ్చాయి? సముద్రపు నీళ్ళు లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుతో ఉంటాయి. తొట్టెలోంచి ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి తగ్గినప్పుడు పోయాల్సింది మంచినీళ్ళు. నేను ఉప్పునీళ్ళు పోసి పోసి ఉప్పు పెంచేశాను. పొయ్యి మీద పులుసు మరిగి ఉప్పెక్కితే ఇన్ని నీళ్ళు చిలకరించడం నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. అదే సంగతి గాజు తొట్టెలో గుర్తుపట్టలేకపోయాను.

నిజానికి జోయాంథిడ్‌లు మొండి జాతి అనే పేరుంది. చాలావాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. వెలుతురు తగిలితే అదే వాటికి తిండి వండిపెడుతుంది. వెలుతురు తగ్గినా, ఎక్కువైనా, నీళ్ళ వేడి మారినా ముడుచుకుంటాయి. వాటినే తినే చిన్న నత్తలూ రాయితోపాటు వచ్చేస్తుంటాయి. ఇక ఆ నాచు లేని రకాలు కొన్నున్నాయి. వాటికి మాటిమాటికీ తిండి పెట్టాలి, పెట్టిన తిండితో నీళ్ళు పాడవకుండా చూడాలి. అవి ఇళ్ళల్లో ఎక్కువకాలం నిలవవు. చంటిపిల్లాడికి పాలు పట్టడంలాంటి చాకిరీ అది.

హానా ఊరివాళ్ళు చెప్పిన మాట

ఇప్పుడు ఆ వేడినీళ్ళ సంగతి. హవాయి దీవుల్లో మావీ అనే దీవిలో హానా అనే ఊరుంది. అక్కడివాళ్ళు చెప్పుకునే కథ ఇది. చేపలు పట్టడానికి వెళ్ళినవాళ్ళలో ఎప్పుడూ ఒకడు తగ్గి వచ్చేవాడట. అందరూ కలిసి ఒక ఒంటరి మనిషిని అనుమానించి అతని పైబట్ట లాగితే, వీపు మీద సొరచేప నోరు కనిపించింది. అతన్ని చంపి కాల్చి బూడిద ఒక రాతిగుంటలో పారేశారు. ఆ గుంటలోని నాచు విషమైపోయింది. దాన్ని ఈటె మొనకి రాస్తే చావు ఖాయం. హానా మరణపు నాచు అని దాని పేరు. ఆ గుంట జోలికి పోవడం నిషిద్ధం.

1961 డిసెంబర్ 31న పరిశోధకులు వెళ్ళి దాన్ని సేకరించారు. ఊరివాళ్ళు కీడు జరుగుతుందని ముందే హెచ్చరించారు. అదే రోజు ఇంకో దీవిలో ఉన్న వాళ్ళ ప్రయోగశాల అంటుకుని కాలిపోయింది. అది శాపమని నేననను గానీ, ఒళ్ళు జలదరించింది. పరీక్షించి చూస్తే అది నాచు కాదు, ఒక రకం జోయాంథిడ్. అందులోని విషాన్ని వేరుచేసి 1971లో ప్రకటించారు. పేరు పాలిటాక్సిన్. జీవులు తయారుచేసే విషాల్లో అతి ఘోరమైనవాటిలో ఒకటి. పండితులు రుజువు చేసిన మాట ఆ ఊళ్ళో ముసలమ్మలకి ఎప్పటినుంచో తెలుసు.

ఈ విషం అన్ని జోయాంథిడ్‌లలోనూ ఒకేలా ఉండదు. కొన్నిట్లో బోలెడు, కొన్నిట్లో ఉందో లేదో అన్నంత. కంటితో చూసి ఇది మంచిది, ఇది చెడ్డది అని చెప్పలేం. రాయిని ఉడికించినా, వేడినీళ్ళు పోసినా విషం ఆవిరితో కలిసి ఊపిరిలోకి వెళ్తుంది. అమెరికాలోని వర్జీనియాలో ఒకాయన సరిగ్గా నేను చేయబోయిన పనే చేసి ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాడు. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తొట్టెలోంచి పగడం తీసిన ఇంట్లో కుటుంబమంతా ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. బ్రష్షుతో గట్టిగా రుద్దినా తుంపర్లు కళ్ళలో పడతాయి, చేతి మీద చిన్న గాటున్నా లోపలికి పోతుంది.

మావాడు ఆ శనివారమే వచ్చాడు. చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, రాయిని నీళ్ళలోంచి పైకి తీయకుండానే బక్కెట్లోకి మార్చాడు. దాని మీద ఓ మూలన నాలుగైదు గుండీలు ఇంకా బతికే ఉన్నాయట. వాటిని పెద్ద తొట్టె ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాడు. "సారీ అమ్మా, ముందే చెప్పాల్సింది" అన్నాడు. నేనూ అడగలేదులే నాన్నా అన్నాను.

కానీ వాడికి చెప్పని సంగతి ఒకటుంది. ఆ తొట్టె అద్దం వారం వారం తుడిచేది నేను కాదు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి. తొడుగుల్లేకుండా, రాయి చుట్టూ చెయ్యి పెట్టి మరీ తుడిచేది. ఒకసారి మోచేతి దాకా దద్దుర్లొస్తే సబ్బు పడలేదేమో అన్నాను. అది దేనివల్లో నేను చెప్పలేను. కానీ అడగనైనా లేదు. మర్నాడు ఆమె రాగానే కూర్చోబెట్టి, హానా కథతో సహా అంతా చెప్పాను. "అంత విషమున్నదాన్ని ఇంట్లో ఎందుకు పెట్టారమ్మా?" అంది.

మీ ఇళ్ళల్లో పిల్లలు ఇలాంటి తొట్టె తెస్తామంటే తెచ్చుకోనివ్వండి, అందంగానే ఉంటాయి. ఏ జీవమో పేరు అడగండి. తగ్గితే ఏ నీళ్ళు పోయాలో అడగండి. తొడుగులు లేకుండా ఎవ్వరూ అందులో చెయ్యి పెట్టకూడదని చెప్పండి. ఆ మాట తొట్టె కొన్నవాళ్ళ కంటే ముందు, దాన్ని రోజూ తుడిచేవాళ్ళకి చెప్పండి.