లోమే బజారు చెప్పే పాఠం

ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి అనుబంధంగా 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ ఒక ప్రోటోకాల్‌ను ఆమోదించింది. వాణిజ్యంలో మహిళలకు, యువతకు చోటు కల్పించడం దాని ఉద్దేశం. అయితే పశ్చిమాఫ్రికా బజార్లలో స్త్రీలకు చోటు ఎవరో కల్పించవలసిన అవసరం ఎన్నడూ లేదు.

టోగో రాజధాని లోమేలో 'నానా బెంజ్'లుగా పేరుపొందిన వర్తక స్త్రీలే ఇందుకు సాక్ష్యం. ఐరోపా నుంచి వచ్చే వాక్స్ అద్దకపు బట్టల టోకు వ్యాపారం వారి చేతుల్లో ఉండేది. ఏ రంగు ఏ ప్రాంతంలో చెల్లుతుందో, ఏ డిజైనుకు ఏ పేరు పెడితే అమ్ముడుపోతుందో వారికే తెలుసు. ఆ లాభాలతో కొన్న మెర్సిడెస్ బెంజ్ కార్లే వారికి ఆ పేరు తెచ్చాయి.

1994 జనవరిలో దేశాధినేతలు డకార్‌లో సమావేశమై, ఫ్రెంచి ఫ్రాంక్‌తో సీఎఫ్‌ఏ ఫ్రాంక్ మారకపు విలువను సగానికి తగ్గించారు. దిగుమతి బట్ట కొనుగోలు భారం స్థానిక కరెన్సీలో రెట్టింపైంది. ఆపై చైనా నుంచి చౌక నకళ్లు వెల్లువెత్తాయి. 'నానెట్'లనే తరువాతి తరం స్త్రీలు తామే చైనా వెళ్లి సరుకు తెచ్చి నిలదొక్కుకున్నారు. కానీ పాత వైభవం తిరిగిరాలేదు.

వారికి తెలివి కొరవడలేదు, సాహసం కొరవడలేదు. తమ బతుకును తలకిందులు చేసిన నిర్ణయంలో మాత్రం వారికి మాట లేకపోయింది. కరెన్సీ, సుంకాలు, సరిహద్దు తనిఖీలపై నిర్ణయాలు జరిగే చోట ఈ స్త్రీలు, వారి బిడ్డలు కూర్చోగలరా? ప్రోటోకాల్‌కు అసలు పరీక్ష అదే.