మానినవాడికి మానినవాడే తోడు

తాగుడు మానాలంటే మనోబలం ఉండాలంటారు. మానినవాడు వారం తిరక్కుండా మళ్లీ గ్లాసు పట్టుకుంటే వాడికి పట్టుదల లేదని తేల్చేస్తారు. ఆ తీర్పు తొందరపాటుదని చరిత్ర చెబుతోంది. మానిన తొలి రోజుల్లో నాలుక పీకేస్తుంటే, మనసు మందు మీదికి గుంజుతుంటే మనిషిని నిలబెట్టినవేమిటని వెతికితే రెండు సంగతులు పదేపదే కనిపిస్తాయి. ఒకటి, ఆ గడియ దాటేదాకా పక్కన మరో మనిషి ఉండడం. రెండు, ఆ మనిషి కూడా తాగి మానినవాడు కావడం. వైద్యులూ మతపెద్దలూ దీనికి చేయూతనిచ్చిన మాట నిజమే. కానీ దీన్ని కనిపెట్టుకున్నది తాగుడుతో నలిగిపోయినవాళ్లే. ఒకసారి చేజార్చుకుని, దాదాపు వందేళ్ల తర్వాత మళ్లీ సంపాదించుకున్నారు.

1840 ఏప్రిల్‌లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, చేజ్ అనే ఆయన నడిపే మద్యశాలలో రోజూ తాగే ఆరుగురు ఇక తాగబోమని ఒట్టు పెట్టుకున్నారు. దర్జీ, వడ్రంగి, కమ్మరి, వెండిపనివాడు, ఇలా అందరూ చేతివృత్తులవాళ్లే. తమ సంఘానికి వాషింగ్టన్ పేరు పెట్టుకున్నారు. వారం వారం కలుసుకుని ఎవరి తాగుడు గోడు వాళ్లు చెప్పుకోవడం, ఇంకో తాగుబోతును వెంటబెట్టుకు రావడం వాళ్ల పద్ధతి. అంతకుముందున్న మద్యవ్యతిరేక సంఘాలు ప్రధానంగా తాగనివాళ్లను కాపాడుకోవడమే పనిగా పెట్టుకున్నాయి. తాగేవాడి మీద వాటికి ఆశ లేదు. 1842 ఫిబ్రవరి 22న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ సంఘం సభలో మాట్లాడిన అబ్రహాం లింకన్ ఆ వైఖరినే తప్పుపట్టాడు. తాగుడు బారిన పడనివాళ్లలో చాలామందిని కాపాడింది ఆ యావ లేకపోవడమే తప్ప వాళ్ల గొప్పతనమేమీ కాదన్నాడు. ఉద్యమం దావానలంలా పాకింది, కొన్నేళ్లకే చల్లారింది. కారణాలు చాలా ఉన్నాయి. నా దృష్టిలో ముఖ్యమైనది ఒకటే: సంఘం తాగనివాళ్లతో నిండిపోయింది, సభలు జనం చూసిపోయే వేడుకలయ్యాయి, దృష్టి మద్యనిషేధ చట్టం మీదికి మళ్లింది. నిన్నగాక మొన్న మానినవాడి పక్కన కూర్చునేవాడు కరువయ్యాడు.

పోయిన ఆ ఆచారం 1935 మే నెలలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో మళ్లీ ప్రాణం పోసుకుంది. న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్ విల్సన్ తాగుడు మాని అప్పటికి ఐదు నెలలు. వ్యాపారం పని మీద వచ్చి ఓడిపోయి, చేతిలో డబ్బు చాలక, మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక పక్క బార్లోంచి నవ్వులు, మాటలు. ఇంకో పక్క టెలిఫోను, ఊళ్లోని చర్చిల పట్టిక. ఆయన ఫోను వైపు నడిచాడు, ఎవరైనా తాగుబోతు ఉంటే తనకు చూపించమని అడిగాడు. అంతకుముందు ఐదు నెలలు ఎందరికో హితబోధ చేశాడు, ఒక్కడూ మానలేదు. ఆ ప్రయత్నంలో తాను మాత్రం తాగకుండా ఉన్నానన్న ఎరుక ఆయన్ని ఆ పూట కాపాడింది. ఆ ఫోను ఫలితంగా మరునాడు సాయంత్రం ఐదు గంటలకు, తాగుడుకు బానిసైన డాక్టర్ బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు ఆయన్ని కలిశాడు. పావుగంటలో వెళ్లిపోదామని వచ్చినవాడు రాత్రి పదకొండు దాటేదాకా కదల్లేదు. ఈ మనిషి తనకు నీతులు చెప్పడానికి రాలేదని, తన సాయం కోరి వచ్చాడని ఆయనకు అర్థమైంది. నడుమ ఒకసారి జారినా, 1935 జూన్ 10 తర్వాత ఆయన మందు ముట్టలేదు. వాళ్లిద్దరితో మొదలైన మానినవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆ రోజునే తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది.

ఆ ఊళ్లోనే సెయింట్ థామస్ ఆసుపత్రిలో 1939 నుంచి డాక్టర్ బాబ్‌తో కలిసి తాగుబోతులకు సేవ చేసిన సిస్టర్ ఇగ్నేషియా ఇంకో ఏర్పాటు చేసింది. ఇంటికి వెళ్లేవాడి చేతిలో చిన్న బిళ్ల పెట్టేది. మళ్లీ తాగాలనిపిస్తే ముందు అది తెచ్చి తనకు తిరిగిచ్చి, ఆ తర్వాతే తాగమనేది. అంటే కోరికకూ గ్లాసుకూ మధ్య కొంత దూరం, దానికి అటు చివర ఒక మనిషి. మందు యావ సాధారణంగా ఎగసి, అరగంట లోపే తగ్గుముఖం పడుతుందని నేటి చికిత్సకులు చెబుతారు. ఆ బిళ్ల చేసిన పనీ అదే, ఆ కాస్త సమయం గడిపించడం. జీవితాంతం తాగనని ఒట్టేయకుండా ఈ ఒక్కరోజుకు చాలనుకునే పద్ధతి వెనక ఉన్నదీ ఈ లెక్కే.

ఇదంతా మతం చాటు వ్యవహారమని, రుజువులు లేవని ఆక్షేపించేవాళ్లున్నారు. మతం పాలు ఉన్నమాట కాదనలేం. దేవుణ్ణి నమ్మనివాళ్లు కొందరు అందుకే దూరంగా ఉండిపోయారు. అయితే రుజువులు లేవన్న మాట ఇప్పుడు చెల్లదు. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల వివరాలను సమీక్షించింది. తాగకుండా కొనసాగేలా చూడడంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ బాటలో నడిపే చికిత్సలు మిగతా మానసిక చికిత్సలకు తీసిపోవని, కొన్ని కొలతల్లో మిన్న అని తేల్చింది. మందులుండగా తోడెందుకన్నది రెండో ఆక్షేపణ. నాల్ట్రెక్సోన్ లాంటి మాత్రలు యావను కొంత తగ్గిస్తాయి, వాటిని వద్దనకూడదు. రోజూ విపరీతంగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్సు రావచ్చు, మతి భ్రమించవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. అక్కడ తోడు చాలదు, ఆసుపత్రి కావాలి. కానీ మాత్ర వేసుకున్నవాడికీ సాయంత్రం ఏడు గంటలు అవుతుంది, పాత స్నేహితుడి ఫోను వస్తుంది. అప్పుడు మాట్లాడటానికి మనిషి ఉండాలి.

మన నేల మీద ఈ పోరాటం ప్రధానంగా అంగడి మీద సాగింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాజేసిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారాను నిషేధింపజేసింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. ఆ తల్లుల విజయం చిన్నది కాదు. అంగడి కళ్లెదుట లేకపోతే యావ రేగే సందర్భాలూ తగ్గుతాయి. కానీ చట్టం అంగడిని మూయగలదే గాని, చేతులు వణుకుతూ ఇంట్లో కూర్చున్నవాడి పక్కన కూర్చోలేదు. మానినవాణ్ణి కొత్తలో సాయంత్రాలు ఒంటరిగా వదలకండి, జారితే వెలివేయకండి, మానినవాళ్ల సంఘం దగ్గర్లో ఉంటే తీసుకెళ్లండి. వణుకు, ఫిట్సు, కలవరింతలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చండి. మాట్లాడే మనిషి దొరక్కపోతే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరులో రాత్రీపగలూ, తెలుగులో కూడా పలుకుతుంది.