చచ్చిన గుర్రమునకు వెల

విజయనగరమును 1485 నుండి 1491 వరకు పాలించిన సాళువ నరసింహరాయలు గుర్రములను కొనిన విధము విచిత్రమైనది. హోర్ముజ్, ఏడెన్ రేవుల నుండి వర్తకులు తెచ్చిన గుర్రములకు ఆయన మూడింటికి వేయి పర్దావుల చొప్పున చెల్లించెను. పర్దావు అనగా పోర్చుగీసువారి లెక్కలో మన వరహా. సముద్రముమీద చచ్చిన గుర్రమునకు సయితము అదే వెల. వర్తకుడు దాని తోకను తెచ్చి చూపిన చాలును. 1535 ప్రాంతమున విజయనగరములో నున్న పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ ఈ సంగతి వ్రాసెను.

తోక యుద్ధము చేయదు గదా! మరి రాజు ధనమును వ్యర్థము చేసెనా?

మేలుజాతి యుద్ధాశ్వములు దక్షిణదేశమున తగినన్ని పుట్టకపోవుటచే వానిని ఓడలలో తేవలసివచ్చెడిది. గుర్రము దినమునకు సుమారు 30 లీటర్ల నీరు త్రాగును. ప్రయాణము 20 దినములనుకొన్నచో ఒక్క గుర్రమునకు 600 లీటర్లు కావలెను. ఏబది గుర్రములున్న ఓడలో నీటి బరువే 30 టన్నులు! గడ్డి, దాణా వేరు. గాలి పడిపోయి ప్రయాణము ఆలస్యమైనచో మొదట దాహమునకు గురియగునవి ఈ జంతువులే.

ఒక చిన్న లెక్క చేసి చూతము. పది గుర్రములను ఒక్కొక్కటి 100 వరహాలకు కొని, ఓడ ఖర్చు తలకు 50 పెట్టినచో మొత్తము 1500. పదియు బ్రతికినచో ఒక్కొక్కటి 150కి అమ్మిన నష్టము లేదు. మూడు చచ్చినచో మిగిలిన ఏడింటిని సుమారు 214కు అమ్మవలెను. అనగా బ్రతికిన గుర్రము వెలలో చచ్చిన గుర్రము వెల దాగియుండును.

రాయలు తోకకు వెల ఇచ్చినను, ఇవ్వకున్నను, ఏడు గుర్రములకు చెల్లునది ఆ 1500 వరహాలే. భేదమెక్కడ? నష్టభయము వర్తకుని మీదనుండి ఖజానా మీదికి మారినది. భయము తీరిన వర్తకుడు మరల వచ్చును. నేటి ఓడ బీమా సూత్రమిదియే. కాని ఇందొక లోపము కలదు: గుర్రమును బ్రతికించవలెనను శ్రద్ధ వర్తకునికి తగ్గవచ్చును.

నష్టమును మార్చుట వేరు, తగ్గించుట వేరు. కాకతీయ గణపతిదేవుడు 1244–45 నాటి మోటుపల్లి శాసనములో రెండవ మార్గము చూపెను. పూర్వరాజులు తుఫానుకు ఒడ్డునబడిన ఓడల సరకును లాగుకొనెడివారు. ఆయన దానిని మాన్పి, ముప్పదింట ఒక వంతు సుంకము మాత్రమే గ్రహింతునని అభయమిచ్చెను. ఇది గుర్రముల కొరకే వేసిన శాసనము కాదు. కాని ఏ సరకుకైనను ఇట్టి అభయము వెల తగ్గించును.

దిగిన పిమ్మటను నష్టము కలదు. మోటుపల్లికి దక్షిణమున పాండ్యుల తీరమును గూర్చి వ్రాయుచు మార్కోపోలో, రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రములను కొనినను ఏడాది చివరకు నూరైనను మిగులవనెను. అశ్వసంరక్షణ తెలిసినవారు అచట లేరట. గిరాకి తగ్గునని వర్తకులు అట్టివారిని రానీయరట!

శత్రుభయము కూడ వెలను పెంచెడిది. గుర్రములు తెచ్చు వర్తకులు శత్రువుల వద్దకు పోకుండ వారిని ఆదరింపుమని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజులకు బోధించెను. 1547లో పోర్చుగీసువారు గోవాలో దిగు గుర్రములను విజయనగరమునకే గాని బిజాపూరుకు అమ్మమని ఒడంబడిక చేసిరి.

కావున గుర్రము వెలను నిర్ణయించునది దాని అందము, వేగము మాత్రమే కాదు. అది దాటివచ్చిన దూరము, దారిలో చచ్చిన తోడి గుర్రములు, దానికై కాచుకొన్న శత్రువు కూడ.